ఇంటికన్నా పావురాల బురుజే ఘనం: నార్మండీ మన్వార్ చరిత్ర, కట్టుబడి

ఉత్తర ఫ్రాన్స్‌లో దియెప్ రేవుకు పడమరగా, సుద్దరాతి కొండచరియల మీద వరాంజ్‌విల్ అనే ఊరుంది. అక్కడ 1530, 1545 మధ్య జాన్ ఆంగో అనే ఓడల వ్యాపారి కట్టించుకున్న పల్లెటూరి నివాసం ఇప్పటికీ నిలిచే ఉంది. దాన్ని మన్వార్ ద ఆంగో అంటారు. నలువైపులా కట్టడాలు, మధ్యలో విశాలమైన వాకిలి. లోపలికి అడుగు పెట్టగానే చూపు యజమాని ఉన్న ఇంటి మీదికి పోదు. వాకిట్లో ఒంటరిగా నిలబడ్డ గుండ్రటి బురుజు, దాని మీద ఉల్లిగడ్డ ఆకారంలో ఉబ్బిన కప్పు ముందుగా కళ్లను లాక్కుంటాయి. అది కావలి బురుజు కాదు, గుడి కాదు, పావురాలను పెంచే చోటు. దానిలో 1,600 గూళ్లున్నాయి. గూటికి ఒక జంట చొప్పున 3,200 పక్షులకు సరిపోయే వసతి.

ఓడలు నడిపే వ్యాపారికి ఇన్ని పావురాలు ఎందుకు? దీనికి జవాబు తెలిస్తే ఫ్రెంచి మన్వార్ అంటే ఏమిటో చాలావరకు తెలిసినట్టే.

మన్వార్‌ను చిన్న సైజు కోట అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. కోట, అంటే ఫ్రెంచివాళ్ల షాతో, యుద్ధం కోసమో రాజదర్బారు ఆడంబరం కోసమో పుట్టింది. మన్వార్ ఒక చిన్న జాగీరుకు కేంద్రం. జాగీరుదారు నివసించేది అక్కడే, రైతులు శిస్తు ధాన్యం తెచ్చి కొలిచేది అక్కడే, చిన్న తగాదాలు విచారించేదీ చాలాచోట్ల అక్కడే. చుట్టూ గాదెలు, పశువుల కొట్టాలు, ఆపిల్ పళ్ల రసాన్ని పులియబెట్టి చేసే సీడర్ అనే పానీయం కోసం గానుగ, రొట్టెలు కాల్చే పొయ్యి ఉంటాయి. అసలు ఇల్లు ఈ వ్యవసాయపు వాకిట్లో ఒక పక్కన నిలబడుతుంది. కందకం, మూలల్లో చిన్న బురుజులు కొన్నింటికి ఉన్నా, అవి దొంగల్ని ఆపడానికీ హోదా చాటడానికీ పనికొస్తాయి తప్ప ఫిరంగిని ఆపలేవు.

నార్మండీలో ఇలాంటి ఇళ్లు ఎక్కువగా లేచిన కాలం ఇంచుమించు 1450 నుంచి 1560 వరకు. నూరేళ్ల యుద్ధంలో ఇంగ్లిష్ సేనలు 1450లో నార్మండీ నుంచి వెళ్లిపోయాయి. పాడుబడ్డ భూములు మళ్లీ సాగులోకి వచ్చాయి, చేతిలో డబ్బు ఆడింది, కూలిన ఇళ్లను తిరిగి కట్టుకున్నారు. 1562లో మతయుద్ధాలు మొదలయ్యేసరికి ఈ ఊపు తగ్గింది. మన్వార్ ద ఆంగో ఆ శతాబ్దపు సంపదకు పరాకాష్ఠ.

ఆంగో సొమ్ము ఎక్కడిదో కూడా చూడాలి. అతని ఓడలు చేపల వేటకు వెళ్లేవి, సరుకులు మోసేవి, శత్రువుల ఓడలు దోచేవి. అతని కింద పనిచేసిన జాన్ ఫ్లరీ అనే నావికుడు, మెక్సికోను జయించిన కోర్టెస్ అక్కడినుంచి స్పెయిన్ రాజుకు పంపిన అజ్టెక్ సంపదను సముద్రం మీదే పట్టుకున్నాడు. 1529లో పార్మాన్తియే సోదరులు ఆంగో ఓడలతో దియెప్ నుంచి బయల్దేరి హిందూ మహాసముద్రం దాటి సుమత్రా చేరారు. అన్నదమ్ములిద్దరూ అక్కడే చనిపోయారు, ఓడలు మాత్రం తిరిగొచ్చాయి. రాజు ఒకటో ఫ్రాన్స్వా ఆంగోను దియెప్‌కు అధిపతిని చేశాడు, ఈ మన్వార్‌లో అతిథిగా బస చేశాడు కూడా. పుట్టుకతో పెద్ద ప్రభువంశీకుడు కాని మనిషికి రాజు అతిథిగా రావడం ఎంత గౌరవమో, ఆ గౌరవానికి తగ్గ గోడలు ఉండటం అంత అవసరం.

దియెప్ పట్నంలో ఆంగోకు చెక్కతో కట్టిన మరో పెద్ద భవనం ఉండేది. 1694లో ఆంగ్లో-డచ్ నౌకాదళం ఊరి మీద గుండ్ల వర్షం కురిపించినప్పుడు అది కాలిపోయింది. పల్లెలో ఉన్నది కాబట్టి మన్వార్ బతికింది.

వరాంజ్‌విల్ ఉన్న కో ప్రాంతం సుద్దరాతి పీఠభూమి. వాన నీరు రాతిలోంచి కిందికి ఇంకిపోతుంది, పైన వాగులు ఉండవు. అందుకే ప్రతి వాకిట్లోనూ బంకమట్టి మెత్తి నీళ్లు నిలిపే కుంట కనిపిస్తుంది. సముద్రపు గాలిని ఆపడానికి రైతులు పొలం ఇంటి చుట్టూ మట్టికట్ట పోసి దానిమీద బీచ్, ఓక్, యాష్ చెట్లను బారుగా నాటేవారు. ఇంటి దిశ, చూరు ఎత్తు, ద్వారం ఎటు తెరుచుకోవాలన్నది, అన్నీ ఈ గాలిని బట్టే.

కట్టడపు సామగ్రిని కూడా నేలే నిర్ణయించింది. సుద్దరాయి పొరల మధ్య చెకుముకి రాళ్లు పుష్కలంగా దొరుకుతాయి. అవి ఉక్కులా గట్టివి, నీటిని పీల్చవు, కానీ ఆ గుణమే తాపీపనివాళ్లకు తలనొప్పి. ఇటుకైతే సున్నం అడుసులోని తేమను పీల్చుకుని పట్టు బిగిస్తుంది. చెకుముకి రాయి పీల్చదు కనుక అడుసు నిదానంగా బిగుస్తుంది, రాయి దానిమీద జారుతుంది. అందుకే రోజుకు కొన్ని వరసలకు మించి ఎత్తు లేపకూడదు, అడుసు గట్టిగా కలుపుకోవాలి. తొందరపడి ఒకేరోజు మీటరు ఎత్తు లేపితే కింది వరసలు ఉబ్బి బయటికి పొట్టలు వేస్తాయి. దీనికి పాతకాలం వాళ్లు కనిపెట్టిన ఉపాయం, మధ్యమధ్య ఇటుకతోనో ఇసుకరాతితోనో అడ్డపట్టీలు వేసి గోడను లోపలికంటా కట్టివేయడం. మూలల్లో, కిటికీల చుట్టూ కూడా చెకుముకిని నమ్మరు, చెక్కిన రాయి గాని ఇటుక గాని పెడతారు. ఈ ప్రాంతపు గోడల మీద కనిపించే ఎరుపు, నలుపు, తెలుపు చారలు ముందు అవసరం కోసం పుట్టి, తర్వాత అలంకారమయ్యాయి. ఆంగో మన్వార్‌లో ఆ అలంకారం శిఖరానికి చేరింది. ముఖ్యంగా పావురాల బురుజు గోడంతా ఇటుక, చెకుముకి, ఇసుకరాయి కలిపి నేసిన చీర అంచులా ఉంటుంది.

అసలు నివాసం వాకిలికి దక్షిణపు వైపున ఉంది. కింద ఇటలీ పద్ధతిలో కమానులతో తెరిచి ఉన్న వరండా, పైన కొలువు గదులు. ఆ పై గదుల చెంత గోడచిత్రాల ఆనవాళ్లున్నాయి. పనివాళ్లలో ఇటలీ నుంచి వచ్చినవారు ఉన్నారనడానికి ఆ కమానులు, చెక్కుడు పనులే సాక్ష్యంగా చూపుతారు. ఒక పక్కన పలకల ముఖాలతో పైకి లేచిన ఎత్తైన బురుజులో మెట్లున్నాయి. దాని పైనుంచి సముద్రం కనిపిస్తుంది. తన ఓడల రాకను ఆంగో అక్కడినుంచి చూసేవాడని చెప్పుకుంటారు. ఓడలు ఆనవాలు పట్టేంత దగ్గరగా వచ్చేవో లేవో గాని, మెట్లను ఇంటి బయట విడి బురుజులో పెట్టడం ఆ కాలపు మామూలు పద్ధతి. ఎందుకంటే ఈ ఇళ్లు ఒక గది లోతుగా మాత్రమే ఉంటాయి. ఒకదాని పక్కన ఒకటిగా గదులు బారుగా ఉన్నప్పుడు మెట్లు లోపలుంటే ఒక గది పూర్తిగా పోతుంది. బయట చుట్టుమెట్ల బురుజు ఉంటే రెండు అంతస్తుల గదుల్లోకి దారి దొరుకుతుంది, వెలుతురూ తగ్గదు.

ఇక పావురాల సంగతికి వద్దాం. నేల నుంచి కప్పుదాకా గూళ్లతో నిండిన విడి బురుజు కట్టుకునే హక్కు అందరికీ ఉండేది కాదు. నార్మండీ ఆచారచట్టం ప్రకారం అది జాగీరుకు సంబంధించిన హక్కు, జాగీరుకు ఒకటే బురుజు. కొన్ని ఇతర ప్రాంతాల్లో భూమి విస్తీర్ణాన్ని బట్టి గూళ్ల సంఖ్యకు లెక్క ఉండేది, ఇంచుమించు అర హెక్టారుకు ఒక గూడు. ఆ కొలతతో చూస్తే 1,600 గూళ్లంటే 800 హెక్టార్ల భూమికి సమానం. దారినపోయే ఏ రైతైనా బురుజును చూసి యజమాని ఎంతవాడో అంచనా కట్టగలిగేవాడు. కొత్తగా ఎదిగిన మనిషి దానికి రంగులతో గోడలు కట్టి, ఇంటికన్నా ముందు కనిపించే చోట నిలబెట్టడంలో ఆశ్చర్యం లేదు.

హోదా సంగతి అలా ఉంచితే, బురుజు లోపలి యంత్రాంగం చూడముచ్చటైనది. గూళ్లు గోడలోనే కట్టిన చిన్న అరలు, ఒక్కొక్కటి జానెడు మాత్రం. వాటిని చేరడానికి మధ్యలో నిట్రాడులాంటి ఓక్ స్తంభం ఉంటుంది. స్తంభం అడుగు రాతిలో తొలిచిన గుంటలో, తల కప్పు దూలంలో తిరుగుతుంది. దానికి అడ్డకర్రలు, వాటి చివర గోడకు దగ్గరగా నిచ్చెన. మనిషి నిచ్చెన మీద నిలబడి గోడను చేత్తో తోసుకుంటూ పోతే స్తంభం తిరుగుతుంది, కిందికి దిగకుండానే చుట్టూ ఉన్న గూళ్లన్నీ చూడవచ్చు. వెలుపలి గోడకు సగం ఎత్తులో బయటికి పొడుచుకొచ్చిన రాతి పట్టీ ఉంటుంది. గోడ పాకి వచ్చే ఎలుక, మరపిల్లి లాంటివి ఆ అంచు దగ్గర పట్టు దొరక్క ఆగిపోతాయి. దాని కింది భాగంలో గోడను నున్నగా ఉంచాలి. అక్కడ తీగ మొక్క పాకనిస్తే ఆ పట్టీ ఉండీ లేనట్టే.

పావురాలు ఒకసారికి రెండు గుడ్లు పెడతాయి, 17-18 రోజులు పొదుగుతాయి. పిల్ల ఎగరడానికి ముందు, సుమారు నాలుగు వారాల వయసులో, దాన్ని కూరకు తీస్తారు. ఆ వయసు దాటి రెక్కలకు పని పడితే మాంసం గట్టిపడుతుంది. గూళ్లన్నీ నిండి, ప్రతి జంటా ఏడాదికి రెండుసార్లు పిల్లల్ని చేసినా లెక్కకు 6,400 పిల్లలు. వాటితోపాటు రెట్ట. పొలానికి, ముఖ్యంగా జనుము లాంటి పైర్లకు, అంత ఘాటైన ఎరువు ఆ రోజుల్లో మరొకటి లేదు, అమ్ముకున్నా డబ్బే.

మరి ఈ పక్షుల మేత ఎవరిది? పావురం రోజుకు సుమారు 30 గ్రాముల గింజలు తింటుంది. 3,200 పావురాలంటే రోజుకు 96 కిలోలు. అందులో యజమాని వేసేది శీతకాలంలో కొంత, మిగతాది చుట్టూ ఉన్న రైతుల పొలాల్లోంచే. విత్తనాలు చల్లిన రోజుల్లో గుంపులు వచ్చి వాలితే, జాగీరుదారు పక్షుల్ని చంపే హక్కు రైతుకు లేదు. 1789లో రాజుకు పంపిన ఫిర్యాదుల పుస్తకాల్లో పావురాల మీద మొర మళ్లీమళ్లీ వినిపించడం ఇందుకే. ఆ ఏడాది విప్లవంలో ఆగస్టు 4 రాత్రి జాతీయసభ ప్రభువుల హక్కులు రద్దు చేసినప్పుడు, తీర్మానంలో రెండో అంశమే పావురాల బురుజుల హక్కు రద్దు. ఊళ్లవాళ్లు నిర్ణయించిన కాలాల్లో పావురాలను మూసి ఉంచాలి, అప్పుడు బయట కనిపిస్తే వాటిని వేటజంతువులుగా లెక్కగట్టి ఎవరి పొలంలో వారు చంపుకోవచ్చని అందులో రాశారు.

ఆంగో దాకా తిరిగి వస్తే, అతని వైభవం ఎంతో కాలం నిలవలేదు. 1540ల్లో ఇంగ్లండుపై యుద్ధానికి రాజు కోసం ఓడలు సిద్ధం చేసి సొంత డబ్బు పోశాడు. ఖజానా ఆ బాకీ తీర్చలేదు. 1551లో అప్పుల మధ్య చనిపోయాడు, దియెప్‌లోని సాన్ జాక్ చర్చిలో అతణ్ణి పాతిపెట్టారు. ఆ తర్వాతి శతాబ్దాల్లో మన్వార్ మామూలు కమతంగా నడిచింది. కొలువు గదుల్లో పంట నిల్వ చేశారు. కళాప్రియులకు ఇది బాధ కలిగించే సంగతే గాని, ఇంటిని కాపాడింది కూడా ఆ వాడకమే. డబ్బున్న వారసులుంటే 18వ శతాబ్దపు ఫ్యాషన్ ప్రకారం పడగొట్టి కొత్తది కట్టేవారు. గాదెగా వాడే రైతుకు కావలసింది కప్పు కారకుండా ఉండటం మాత్రమే, ఆ ఒక్క పని చేస్తే గోడలు నిలుస్తాయి. 1862లో ప్రభుత్వం దీన్ని చారిత్రక కట్టడంగా గుర్తించింది.

రాయి దొరకని చోట మన్వార్ రూపమే వేరు. కో ప్రాంతానికి నైరుతిగా, సేన్ నదికి అవతల ఉన్న ఓజ్ ప్రాంతంలో నేల బంకమట్టి, చుట్టూ ఓక్ చెట్లు. అక్కడివి కర్ర చట్రపు ఇళ్లు. నీళ్ల మధ్య నిలబడ్డ కూప్‌సార్త్ మన్వార్ 15, 16 శతాబ్దాల సంధికాలపు మంచి నమూనా. సాన్ జెర్మాన్ ద లివేలో రెండు పద్ధతులూ ఒకే వాకిట్లో కలుస్తాయి. ఒకవైపు 15వ శతాబ్దపు కర్ర ఇల్లు, పక్కనే 1561-1588 మధ్య రాయి, ఆకుపచ్చని మెరుగు పూసిన ఇటుకలతో చదరంగం గడుల్లా కట్టిన భాగం.

కర్ర చట్రం పనిలో ఓక్‌ను పచ్చిగా ఉన్నప్పుడే వాడతారు. 20 సెంటీమీటర్ల దూలం పూర్తిగా ఆరాలంటే పదేళ్లు దాటుతుంది, ఆరాక దాన్ని ఉలి దిగని రాయి అనుకోవాలి. శీతకాలంలో నరికి, నేల మీద చట్రాన్ని పరిచి, ఒక దుంగ కొసను నాలుకలా చెక్కి, రెండో దుంగలో తొలిచిన గాడిలోకి దించి, ఓక్ చీలతో బిగిస్తారు. చీల బెజ్జాలను రెండింటిలోనూ సరిగ్గా ఎదురెదురుగా తొలవరు, కొద్దిగా పక్కకు జరుపుతారు. చీల దిగేకొద్దీ అతుకు దగ్గరకు లాక్కుంటుంది, కర్ర ఆరి కుదించుకున్నా వదులు కాదు. ఇనుప మేకు వాడితే ఓక్‌లోని ఆమ్లం దాన్ని తినేస్తుంది. ప్రతి కర్ర మీదా రోమన్ అంకెల్లో గుర్తులు గీసి, విప్పి, స్థలానికి తీసుకెళ్లి అదే వరసలో నిలబెడతారు. పచ్చి కర్ర వాడటం వల్ల ఈనాటి పరిశోధకులకు కూడా లాభముంది. కర్రలోని వార్షిక వలయాల లెక్కతో చెట్టు నరికిన ఏడు తెలిస్తే, ఇల్లు లేచిన కాలం ఒకటి రెండేళ్ల తేడాతో దొరుకుతుంది.

నిలువు కర్రల మధ్య ఖాళీలో సన్నని బద్దలు బిగించి, వాటిమీద గడ్డి కలిపి తొక్కిన బంకమట్టి మెత్తుతారు. మొదటి మెత్తు ఆరగానే పగుళ్లిస్తుంది, కర్ర అంచుల వెంట వేలు దూరేంత సందు కూడా రావచ్చు. కంగారు పడనక్కర్లేదు. పూర్తిగా ఆరేదాకా కొన్ని వారాలు ఆగి, పగుళ్లు నింపి, ఆపైన సన్నగా సున్నం పూత వేయాలి. చట్రం మొత్తం అర మీటరు ఎత్తు రాతి పీఠం మీద కూర్చుంటుంది. అన్నింటికన్నా కింద అడ్డంగా పడుకునే దూలం ఈ ఇంటికి ప్రాణం.

పాడయ్యేది కూడా అక్కడే. శతాబ్దాల్లో వాకిలి మట్టి పేరుకుని పీఠం ఎత్తును మింగేస్తుంది, వాన చిందులు నేరుగా దూలానికి తగులుతాయి. 20వ శతాబ్దంలో దీనికి తోడు సిమెంటు వచ్చింది. పాత గోడ తేమను పీల్చి, గాలి తగిలినప్పుడు వదులుతూ బతుకుతుంది. దానిమీద సిమెంటు పూస్తే మొదటి రెండేళ్లు ముద్దుగా ఉంటుంది. కర్ర వేసవిలో ముడుచుకుని శీతకాలంలో ఉబ్బుతుంది, సిమెంటు కదలదు. రెండింటి మధ్య వెంట్రుకవాసి చీలిక వస్తుంది, అందులోంచి వాన లోపలికి పోతుంది, బయటికి రావడానికి దారి ఉండదు. పైన పూత చెక్కుచెదరకుండా కనిపిస్తుంటే వెనక కర్ర పొట్టుగా మారుతుంది. లోపల నేలకు కాంక్రీటు పోసినా ఇదే కథ. కింది తేమంతా పక్కనున్న గోడల్లోకి ఎక్కుతుంది.

తేమ నిలిచి, గాలి ఆడక, చీకటిగా ఉన్న చోట మెర్యూల్ అనే బూజు పుడుతుంది. కర్రలో తేమ 20 శాతం దాటితే దానికి పండుగే. తెల్లని దూదిలా పాకి, గోడలోని అడుసు గుండా పొడవాటి పోగులు సాగదీసి పక్క గదిలోని కర్రను కూడా పట్టుకుంటుంది. పట్టిన కర్ర గోధుమరంగు ఘనాలుగా విరుగుతుంది. 2014 నాటి చట్టం ప్రకారం ఇంట్లో మెర్యూల్ కనిపిస్తే నివసించేవారు మునిసిపాలిటీకి తెలియజేయాలి. మందు కొట్టడం రెండో పని, ముందు నీరెక్కడినుంచి వస్తోందో పట్టుకోవాలి. ఆ పని వదిలేసి మందు మీద ఖర్చు పెట్టినవాళ్లకు కొన్నేళ్లలో అదే మూల మళ్లీ పోతుంది.

బాగుచేసే వరస ఇలా ఉంటుంది. మొదట కప్పు, గటర్లు. తర్వాత ఇంటి చుట్టూ మట్టిని తవ్వి పీఠం బయటపడేలా, వాలు బయటికి ఉండేలా చేయాలి. సిమెంటును చేతి ఉలితో తీయాలి. యంత్రపు సుత్తి వాడితే మట్టిగోడ మొత్తం ఊడివస్తుంది. గోడను ఒక వేసవి ఆరనివ్వాలి. కుళ్లిన అడుగు దూలం మార్చాలంటే పై భారాన్ని ఊతకర్రలతో, జాక్‌లతో మోయించి కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే లేపాలి. అంతకు మించితే పైనున్న అతుకులన్నీ నోళ్లు తెరుస్తాయి. పోయిన మేర కోసి, మెరుపు తీగలా వంకరగా చెక్కిన అతుకుతో కొత్త ఓక్ ముక్క కలుపుతారు. పూతకు ఒక పాలు సహజ సున్నం, రెండున్నర నుంచి మూడు పాళ్లు ఇసుక. ముందు చల్లుడు పూత, దానిమీద 15 నుంచి 20 మిల్లీమీటర్ల ముఖ్య పూత, చివర 5 మిల్లీమీటర్ల నున్నటి పూత. ఉష్ణోగ్రత 5 డిగ్రీల కంటే తక్కువగా ఉంటే పని మొదలుపెట్టకూడదు. పచ్చి సున్నంలో నీరు గడ్డకడితే పూత పొరలుగా రాలుతుంది. నార్మండీలో అక్టోబరు దాటాక సున్నం పని పెట్టుకోవడం జూదమే.

కప్పుకు వాడేది చిన్న బల్లపరుపు పెంకు అయితే చదరపు మీటరుకు 60-70 పెంకులు పడతాయి. వాలు 45 డిగ్రీలకు తగ్గదు. మరీ పేద కట్టడాలకు రెల్లు కప్పు, దాని కొమ్ము మీద బంకమట్టి పెట్టి ఐరిస్ మొక్కలు నాటుతారు. పూల కోసం కాదు. వాటి దుంపవేళ్లు మట్టిని వానకు కొట్టుకుపోకుండా పట్టి ఉంచుతాయి.

చారిత్రక కట్టడంగా గుర్తింపు పొందిన మన్వార్‌లో ఇవేవీ యజమాని ఇష్టానికి చేయడానికి లేదు. 1913 చట్టం నాటి నుంచి ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. 1943 నుంచి చుట్టూ 500 మీటర్ల మేర పక్కవాళ్ల ఇళ్ల మార్పులపై కూడా నిఘా ఉంది. బదులుగా పన్నులో రాయితీ ఇస్తారు. సందర్శకులకు తెరిస్తే మరమ్మతు ఖర్చంతా ఆదాయం లెక్కలోంచి తీసివేయవచ్చు, తెరవకపోతే సగమే. తెరవడమంటే ఏడాదికి 50 రోజులు, అందులో 25 సెలవు దినాలు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు లోపు ఉండాలి. లేదంటే జూలై, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో 40 రోజులు. ప్రైవేటు మన్వార్లు చాలావరకు వేసవిలోనే తలుపులు తీయడానికి ఈ లెక్క కూడా ఒక కారణం, కాబట్టి చూడాలనుకునేవారు ఆ నెలల్లో వెళ్లడం మేలు.